విమానాశ్రయమున తొమ్మిది గంటలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

అధ్యక్ష మహాశయా! కార్యవర్గ సభ్యులారా! చందాదారులారా! సోదర సోదరీమణులారా! వెనుక వరుసలో తల్లుల యొడిలో కూర్చుండి అప్పుడే ఆవులించుచున్న చిన్నారులారా!

కార్యదర్శిగారు నన్ను గ్రంథ పఠనమును గూర్చియు, మానవ వికాసమును గూర్చియు మాటలాడుమనిరి. అంత పెద్ద విషయమునకు నేను చాలను. మా తాతగారు ఈ గ్రామమునకు కరణము. 1984లో ఆ గ్రామోద్యోగములు రద్దగుటతో కరణీకము మా యింట ముగిసినది. లెక్కల బుద్ధి మాత్రము నాకు సంక్రమించినది. సహకార సంఘములో జమాఖర్చులు వ్రాసికొని బ్రదుకువాడను. పదవ తరగతి తరువాత నాకు గురువులు లేరు. ముప్పది దాటిన వయస్సున ఈ గ్రంథాలయములో నీతిచంద్రికను పట్టుకొని, ప్రక్కన నిఘంటువు పెట్టుకొని, ఒక్కొక్క వాక్యమును కూడబలుకుకొంటిని. ఆ పిమ్మట భాగవతము, మనుచరిత్రము చదివితిని. కావున వికాసమును పండితులకు విడిచి, నాకు తెలిసిన ఒక చిన్న లెక్కను మీ యెదుట విప్పెదను. అది తొమ్మిది గంటల లెక్క. అనగా 540 నిమిషముల జమాఖర్చు.

ఇద్దరు పసిపిల్లలతో ఒక విమానాశ్రయమున తరువాతి విమానముకొరకు వేచియుండిన కథ ఇది. గ్రంథాలయ సభలో ఈ కథ యేల యని కొందరు అనుకొనవచ్చును. మన గ్రామమున విదేశమునకు బిడ్డను పంపని వీధి నేడు లేదు. మనుమలను తీసికొని రమ్మని కబురు వచ్చినప్పుడు, ఎన్నడును మండలము దాటని తాతయు, అమ్మమ్మయు సముద్రములు దాటుచున్నారు. వారికి టిక్కెట్టును గూర్చి చెప్పువారు పలువురు. నడుమ వచ్చు నిరీక్షణమును గూర్చి చెప్పువారు అరుదు.

2024వ సంవత్సరపు వేసవిలో మా కుమార్తె అమెరికానుండి పిల్లలతో వచ్చెను. తన ఉద్యోగపు సెలవు తీరుటచేత ఆమె ముందుగా మరలెను. పిల్లలను వెంటబెట్టుకొని పోవు భారము మా దంపతులపై పడినది. మనుమనికి ఏడేండ్లు, మనుమరాలికి నాలుగు. శంషాబాదునుండి ఖతారు దేశపు రాజధానియగు దోహాకు నాలుగు గంటలకు పైబడిన ప్రయాణము. అచ్చట తొమ్మిది గంటలు ఆగవలెను. ఆపై డల్లాసు నగరమునకు సుమారు పదునారు గంటలు ఎగురవలెను.

ఇచ్చట ఒక సంగతి దాచక చెప్పవలెను. ఆరు వారములు మా యింటనే యున్నను, ఆ బాలునకును నాకును చనువు కుదరలేదు. వానికి తెలుగు వినిన తెలియును, పలుకుట సిగ్గు. నాకు ఇంగ్లీషు చదివిన తెలియును, పలుకుట సిగ్గు. ఇద్దరి సిగ్గుల నడుమ ఆరు వారములు గడచిపోయినవి. వాడు ఫోనులో తల దూర్చును, నేను పుస్తకములో తల దూర్తును. వానిని విమానమెక్కించి తిరిగి వచ్చినచో, ఇక నేను వానికి ఫొటోలోని తాతనే గదాయని నాకు లోలోపల దిగులు ఉండెను.

ఇక లెక్కకు వత్తము.

మొదటి గంట. విమానము దిగుచుండగా చిన్నది చెవినొప్పియని ఏడ్చెను. నా భార్య దాని నోట పిప్పరమెంటు బిళ్ళ పెట్టి చప్పరింపుమనెను. గొంతునుండి చెవికి పోవు సన్నని నాళము, మ్రింగినప్పుడు తెరచుకొనును. అందుచేత నొప్పి తగ్గును. చంటిబిడ్డలకైనచో ఆ సమయమున పాలు పట్టవలెను. దిగినంతనే మేము చేసిన మొదటి పని ఆట కాదు. తరువాతి విమానపు ద్వారమెక్కడో, మరుగుదొడ్డి యెక్కడో, త్రాగునీరెక్కడో చూచి వచ్చితిమి. పిల్లల ముఖములు కడిగి, బట్టలు మార్చి, సంచిలోని అటుకులును సున్నుండలును పెట్టితిమి. నూరు మిల్లీలీటర్లకు మించిన ద్రవములను చేతిసంచిలో సాధారణముగా అనుమతింపరు. పసిపిల్లల పాలకును ఆహారమునకును సడలింపు ఉండును. ఖాళీ సీసా తీసికొనిపోయి తనిఖీ దాటిన పిదప నింపుకొనుట మేలు. ఆకలిగొన్న పిల్లకు ఏ వినోదమును రుచింపదు. ఈ సత్యమునకు శాస్త్రప్రమాణము అక్కఱలేదు.

రెండవ గంట. నాలుగు గంటలు కట్టుబడి కూర్చున్న కాళ్ళు, తరువాత పదునారు గంటలు కూర్చుండవలసిన కాళ్ళు! వానిని ముందుగా నడిపింపవలెను. 2014లో తెరువబడిన ఆ హమద్ విమానాశ్రయమున నట్టనడుమ, ఉర్స్ ఫిషర్ అను స్విట్జర్లాండు శిల్పి చేసిన పసుపుపచ్చని ఎలుగుబంటి బొమ్మయున్నది. ఎత్తు సుమారు ఏడు మీటర్లు. దాని తలవెనుక ఒక దీపము. మనుమరాలు దానిని చూచి మొదట అమ్మమ్మ చీర చాటున దాగెను; పిదప దాని చుట్టును పదునొకండు ప్రదక్షిణములు చేసెను. లెక్క నాది. టామ్ ఆటర్నెస్ అను అమెరికా శిల్పి పోతపోసిన కంచుబొమ్మలును అచ్చటనున్నవి. పిల్లలు ఎక్కుటకు, దూరుటకు, జారుటకే వానిని చేసినారు. కప్పు క్రిందనే, విమానాశ్రయపు ఒక కొననుండి మఱియొక కొనకు ఒక చిన్న రైలును నడుచుచున్నది.

మూడవ గంట. 2022లో ఆ కట్టడములోనే ఒక తోటను ఏర్పరచినారు. మూడువందలకు పైగా చెట్లు, నడుమ నీటి కొలను. ఎడారి దేశమున గాజు కప్పు క్రింద అడవి! పిల్లలను ఊరక చూడుమనిన చూడరు. పని చెప్పిన చూచెదరు. ఏడు విధములైన ఆకులను వెదకి చూపుమంటిని, త్రుంపరాదంటిని. మనుమడు తొమ్మిది చూపెను. తొమ్మిదవది ఏడవదియే యని నేను లెక్క పట్టితిని. కాదని వాడు వాదించెను. ఆ వాదములో వానికి తెలియకయే నాలుగు తెలుగు మాటలు జారినవి.

మార్గము వేఱైనవారికి ఒక మాట. సింగపూరు మీదుగా పోవువారికి చాంగీ విమానాశ్రయపు మూడవ టెర్మినలులో సీతాకోకచిలుకల తోటయున్నది. 2019లో తెరచిన జ్యూవెల్ అను భవనమున నలువది మీటర్ల ఎత్తునుండి దూకు జలపాతమును ఉన్నది గాని, అది చూడవలెనన్న ప్రయాణికుల ఆవరణ దాటి వెలుపలికి పోవలెను. అందుకు ప్రవేశానుమతి కావలెను. ముందుగా విచారించుకొనుట మంచిది.

నాలుగవ గంట. ఇది నా భార్యకు జమ కట్టవలసిన గంట. ఆమె తన సంచినుండి ఒక పాత గుడ్డముక్కయు, నాలుగు గవ్వలును తీసెను. గుడ్డపై ఇరువదియైదు గళ్ళు ముందే కుట్టియుండెను. విత్తనములు అమెరికాలోనికి తీసికొనిపోరాదని అల్లుడు హెచ్చరించుటచే చింతపిక్కలు మాని గవ్వలు తెచ్చినది. అష్టాచెమ్మా ఆరంభమయ్యెను. నాలుగు గవ్వలును వెల్లకిల పడిన చెమ్మ, నాలుగును బోర్లపడిన అష్టా. ఆడువానికి మఱల వంతు. అరగంటలో మనుమడు అమ్మమ్మ కాయను రెండుమార్లు చంపెను. కథా కావ్యమగు హంసవింశతిలో పిల్లల ఆటల పేర్లు పెద్ద జాబితాగా నున్నవి. ఆ జాబితాను చదివినవాడను నేను, ఒక్క ఆటయు సంచిలో వేసికొనక పోయితిని. ఆమె ఆ కావ్యమును చదువలేదు, ఆటను తెచ్చినది.

ఐదవ గంట. అధ్యక్షా, ఈ గంట ఖర్చు పద్దులో వ్రాయవలసినది.

నా భార్య చిన్నదానిని మరుగుదొడ్డికి తీసికొనిపోయెను. మనుమడు నా ప్రక్కన కూర్చుండి కిటికీనుండి విమానములను చూచుచుండెను. ఐదు నిమిషములే గదాయని నేను మనుచరిత్రము తీసితిని. ప్రవరుని కథ మీరెఱుగుదురు. పసరు పూసికొని హిమాలయమునకు పోయి, మంచులో పసరు కరగిపోగా ఇల్లు చేరు దారి లేక పరితపించిన గృహస్థు. దూరదేశమున చిక్కుకొన్న నాకు ఆ ఘట్టము ఎంతయో రుచించెను. ఇంటిపై ప్రవరునకున్న తపనను మెచ్చుకొనుచు తల యెత్తితిని. ప్రక్క ఆసనము ఖాళీ.

తరువాతి ఇరువది నిమిషములను నేను లెక్కింపలేదు. తరువాత గోడ గడియారము చూచి తెలిసికొంటిని. వాని పేరు పెట్టి పిలుచుచు ఎలుగుబంటివఱకు పోతిని, తోటవఱకు పోతిని. వేలకొలది మనుష్యులు. ఎవ్వరి భాషయు నాకు రాదు. వచ్చిన ఇంగ్లీషు ముక్కలును నోట నిలువలేదు. ఉద్యోగినివలెనున్న ఒక యువతిని పట్టుకొని అరచేతితో ఎత్తు చూపితిని. ఆమె గ్రహించి తన పరికరములో ఎవరికో చెప్పుచుండగా, వెనుకనుండి తెలుగు మాట వినబడెను.

"పెద్దయ్యా, గీ పోరడు మీవాడేనా? పరేషాన్ గాకుండ్రి. నా దగ్గరనే కూసున్నడు."

అతడు కరీంనగరు ప్రాంతమువాడు. సౌదీ దేశమున కూలిపని చేయుచు, రెండేండ్లకు సెలవు దొరకి హైదరాబాదు విమానముకొరకు వేచియున్నవాడు. రైలును చూచుటకు పోయి దారి తప్పిన నా మనుమడు గోడవారన నిలిచి "అమ్మమ్మా" యని యేడ్చుట విని, తెలుగు బిడ్డయని గుర్తించి ప్రక్కన కూర్చుండబెట్టుకొనెను. ఏడ్పు మాన్పుటకై తన సంచిలోని బొమ్మ లారీని విప్పి చేతికిచ్చెను. అది తన బిడ్డకొరకు కొన్న బొమ్మ.

"నా బిడ్డకు రెండున్నరేండ్లు పెద్దయ్యా. ఆరు నెల్లప్పుడు ఎత్తుకున్న. గప్పటిసంది ఫోన్లనే చూస్తున్న. రేపు నన్ను చూసి గుర్తుపడ్తదో, భయపడ్తదో!" అని నవ్వెను. ఆ నవ్వు నాకు నవ్వువలె కనబడలేదు.

నేను అంతవఱకు ఫోనును బిడ్డల శత్రువని తలచినవాడను. ఆ తండ్రికి అదియే బిడ్డ ముఖము. రెండు నుండి నాలుగేండ్లలోపు పిల్లలకు రోజునకు ఒక గంటకు మించి తెర చూపరాదనియు, అంతకు తక్కువైన మఱియు మేలనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినది. ఆ మాట నేను శిరసా వహించుచున్నాను. అయినను దోషము ఫోనునందే యున్నదని ఆనాటినుండి అనలేకున్నాను. ఆరు వారములు నా ప్రక్కనున్న బిడ్డను నేను చూడలేదు. నా చేతనున్నది ఫోను కాదు, ప్రబంధము. బిడ్డవైపు చూడనీయనిది తెరయైన నేమి, తాళపత్రమైన నేమి? గ్రంథాలయ సభలో ఈ మాట చెప్పుటకు నాకు భయముగనే యున్నది. అయినను లెక్క లెక్కయే.

ఆ మిత్రుడు బొమ్మను మనుమనిచేతనే ఉంచుకొమ్మనెను. నేను ఒప్పుకొనలేదు. మనుమడే దానిని తిరిగి యిచ్చి, నావంక చూచి, "తాతా, ఆ పాపకు ఇది కావాలి కదా" యనెను. వాడు నాతో పలికిన మొదటి పూర్తి తెలుగు వాక్యమదియే.

ఆ వెంటనే ఒక పని చేసితిమి. అది శంషాబాదులోనే చేయవలసినది. పిల్లల పేరు, మా పేరు, విమానపు సంఖ్య, తల్లి ఫోను సంఖ్య చీటీలపై వ్రాసి ఇద్దరి జేబులలోను పెట్టితిమి. తప్పిపోయినచో పరుగెత్తక నిలిచిన చోటనే నిలువుమని చెప్పితిమి. తల్లిదండ్రులు వ్రాసి యిచ్చిన అనుమతి పత్రమును, పాసుపోర్టులను నా భార్య నా చేతినుండి తన సంచిలోనికి మార్చుకొనెను. నేను మాఱు పలుకలేదు.

ఆఱవ గంట. అచ్చటి గడియారము మన గడియారముకంటె రెండున్నర గంటలు వెనుక. గోడమీద పదునొకండైనను, పిల్లల దేహములో మధ్యాహ్నము ఒంటిగంటన్నర. వారి కన్నులు బరువెక్కినవి. వెలుతురు తగ్గిన ప్రశాంతమైన గది యొకటి చూచి, నా కండువా పఱచి పండుకొనబెట్టితిమి. నిద్ర వచ్చిన పిల్లకు వినోదము హింస. ఈసారి నేను పుస్తకము తీయలేదు.

ఏడవ గంట. లేచిన పిల్లలకు కథ. పంచతంత్రమున విష్ణుశర్మ ముగ్గురు రాకుమారులను ఆఱు నెలలలో నీతివిదులను చేసెదనని ప్రతిజ్ఞ చేసెను. నాకున్నది ఒక గంట. చిత్రగ్రీవుని కథ ఎత్తుకొంటిని. వలలో చిక్కిన పావురములన్నియు ఒక్కపెట్టున ఎగిరి, వలతోసహా ఆకాశమార్గమున పోయినవంటిని. మనుమడు తన నడుము తడవుకొని, "మన సీటు బెల్టులాగా?" యని అడిగెను. నీతిచంద్రికను ఎన్నో మారులు చదివిన నాకు ఈ పోలిక తట్టలేదు.

పావురములు హిరణ్యకుడను ఎలుకను చేరినవి. ముందు రాజు త్రాళ్ళు కొఱికెదనని ఎలుక యనగా, చిత్రగ్రీవుడు ముందు నావారిని విడిపింపుమనెను. అచ్చట మనుమడు కథను ఆపెను. విమానములోని అమ్మాయి, ముసుగు ముందు పెద్దలు పెట్టుకొనవలెనని, తరువాతనే పిల్లలకు పెట్టవలెనని చెప్పినది గదా, రాజు తప్పు చేసెనని వాని వాదము. హిరణ్యకుడును ఆత్మరక్షణమే ముందని వాదించును. ఏడేండ్ల బాలుడు అది చదువకయే ఎలుక పక్షమున నిలిచెను. ఊపిరి లేనివాడు మఱియొకనికి సాయపడలేడు, అందుచేత ముసుగు ముందు పెద్దలకు. చిత్రగ్రీవునకు ఊపిరి ఉన్నది, అందుచేత వాడు వేచియుండగలిగెను అని నేను సమాధానము చెప్పితిని. వాడు సగము ఒప్పుకొనెను. మిగిలిన సగము నేటికిని మా మధ్య వ్యాజ్యముగనే యున్నది.

తరువాత పొడుపుకథలు. నేను అప్పటికప్పుడు కట్టినది యొకటి: రెక్కలున్నవి, ఈకలు లేవు, కడుపునిండ మనుష్యులు, మ్రింగినది లేదు. చిన్నది "విమానము" అని కేక వేసెను. పిదప ఆ నాలుగేండ్లది నాకొక పొడుపు వేసెను: "పచ్చగా ఉంటుంది, దీపం ఉంటుంది, ఏమీ తినదు." ఎలుగుబంటియని తెలిసియు నేను ఓడిపోయితిని. పిల్లల చేతిలో ఓడిపోవుట తాతలకు తెలిసియుండవలసిన విద్య.

ఎనిమిదవ గంట. గోడపై ఊళ్ళపేర్లు మాఱుచుండు పెద్ద పలక యున్నది. మనుమడు ఇంగ్లీషులో ఒక్కొక్క ఊరి పేరు చదువును. నేను దానిని తెలుగున వ్రాసి చూపుదును. వాడు నా ఉచ్చారణను దిద్దెను. నేను వాని వ్రాతను దిద్దితిని. పాత చీటీ వెనుక వాడు తన చేతితో మొదట "దోహా" యని, పిదప "తాత" యని వ్రాసెను. తకారపు తలకట్టు పెట్టుట మఱచెను. నేను దానిని దిద్దలేదు.

తొమ్మిదవ గంట. మరుగుదొడ్డి, నీరు, సామానుల లెక్క, ద్వారము. విమానమున చిన్నది వెంటనే నిద్రపోయెను. మనుమడు ఫోను అడిగెను. ఇచ్చితిని, అరగంట చూచి, తానే మూసి, "తాతా, ఆ పావురాలు తర్వాత ఏం చేశాయి?" అనెను.

ఇది నా జమాఖర్చు. 540 నిమిషములలో ఇరువది నిమిషములు నష్టము, మిగిలినవన్నియు జమ. పిల్లలను కాలక్షేపము చేయించుట యెట్లని బయలుదేరినవాడను. వారి కాలమును గడపుట కాదు, వారితో గడపుట యని తెలిసికొంటిని. నడక, తిండి, ఆట, నిద్ర, కథ, వ్రాత. వీనికి ఖర్చు లేదు. కావలసినదెల్ల పెద్దవాని కన్ను పిల్లవానిపై నుండుట.

చివరకు నా మనవి. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువపై పడవ గ్రంథాలయము నడిపిరి. జనమున్న చోటికి పుస్తకమే పోవలెనను వారి భావము గొప్పది. నేడు మన జనము విమానములెక్కుచున్నారు. కావున మన గ్రంథాలయమున ఒక ప్రయాణపు సంచి నుంచుదము. అందు ఐదు పిల్లల కథల పుస్తకములు, అష్టాచెమ్మా గుడ్డ, నాలుగు గవ్వలు, కాగితములు, పెన్సిళ్ళు, జేబులో పెట్టు చీటీలు ఉండును. మనుమలతో దూరము పోవు చందాదారునకు రెండు నెలల గడువుతో, జరుమానా లేక ఇచ్చెదము. మొదటి సంచి ఖర్చు నాది. గుడ్డ కుట్టుటకు నా భార్య ఒప్పుకొన్నది. రెండవది, బీరువాల అడుగు అర పిల్లలది కావలెను. వారి చేయి అందునది అదియే. మూడవది, ప్రతి శనివారము సాయంకాలము ఒక గంట కథ. మొదటి నెల నేను చెప్పెదను. ఆ గంటలో నా చేతిలో పుస్తకముండదు.

నేను కథ చెప్పుచు పిల్లలను చూడక ఎక్కడనో చూచుచున్నచో, ఆ వెనుక వరుసలోని చిన్నారులే నన్ను కేకవేసి పిలువవలసినదని ప్రార్థించుచు, ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును చూడవలెనని కోరుచు, సెలవు తీసికొనుచున్నాను.